నేల శైవలాలు: వెలుగు, తడి

మట్టి, గోడ, రాయి, చెట్టు బెరడు మీద బతికే శైవలాలు. వాడుకలో పాచి. చెన్నై జార్జి టౌన్‌లో పాత సున్నపు గోడల మీద ఈశాన్య రుతుపవనాల వేళ (అక్టోబరు–డిసెంబరు) తేలే ఆకుపచ్చ, నల్లని పూతల్లో చాలావరకు ఇవే కావచ్చు. నలుపులో మసికి, బూజుకు కూడా వాటా ఉంటుంది.

తడి: ఈ కణాలలోని నీరు పరిసరాల తేమను బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఎండితే కిరణజన్య సంయోగక్రియ ఆగిపోతుంది. తడిశాక సాధారణంగా ముందు శ్వాసక్రియ, తర్వాత కిరణజన్య సంయోగక్రియ కోలుకుంటాయి. కొన్ని ఆకుపచ్చ శైవలాలకు గాలిలోని నీటి ఆవిరే చాలు. అపటోకోకస్ అనే ఆకుపచ్చ శైవలంలో దీన్ని బెర్ట్‌ష్ 1966లో కొలిచారు. నీలి ఆకుపచ్చ రకాలకు మాత్రం సాధారణంగా ద్రవరూపంలో నీరు తగలాలి. లైకెన్లలో (శైవలం, శిలీంధ్రం కలిసి బతికే జీవులు) ఈ తేడాను ఓటో లాంగే బృందం 1986లో చూపింది. తడి మితిమీరినా నష్టమే: బొగ్గుపులుసు వాయువు గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది కనుక, మందపాటి నీటిపొర కింది కణాలకు అది చాలినంత అందదు.

వెలుగు: ఎండిన కణంలో పత్రహరితం గ్రహించిన శక్తి ఆహార తయారీకి ఖర్చు కాదు, హానికర ఆక్సిజన్ రూపాలు పుడతాయి. అందుకే ఎండ వల్ల అసలు ప్రమాదం పొడి వేళల్లోనే. సైటోనిమా, నాస్టాక్ అనే నీలి ఆకుపచ్చ రకాల తొడుగుల్లోని పసుపు గోధుమ రంగు సైటోనిమిన్ అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుంది. జీవక్రియలు ఆగినా దాని పని ఆగదు. ట్రెంటిపోలియా అనే ఆకుపచ్చ శైవలానికి నారింజ రంగునిచ్చే కెరోటినాయిడ్లు కూడా రక్షకాలేనని భావిస్తారు. ఎండిన నాస్టాక్ కమ్యూన్ నమూనాలు ఎన్నేళ్లకు తిరిగి పెరిగాయన్న దానిపై లెక్కలు వేరు: లిప్‌మన్ (1941) 87 ఏళ్లన్నారు, కామెరాన్ (1962) 107 ఏళ్లన్నారు.

మద్రాసు పరిశోధన: మద్రాసు విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎం.ఓ.పి. అయ్యంగార్ (1886–1963) తడినేల మీద పెరిగే ఫ్రిట్షియెల్లా ట్యూబరోసాను 1932లో వర్ణించారు. శైవల శాస్త్రవేత్త ఎఫ్.ఇ. ఫ్రిట్ష్ పేరును దానికి పెట్టారు. నేలపైన నిటారు కుచ్చులు వెలుగు అందుకుంటాయి. అడుగున దుంపల్లాంటి కణ సముదాయాలు ఎండాకాలం గడిపి మళ్లీ మొలకెత్తుతాయి. టి.వి. దేశికాచారి ‘సయనోఫైటా’ (1959) నీలి ఆకుపచ్చ రకాల గుర్తింపుకు నేటికీ ఆధారగ్రంథం.

ఫ్రిట్షియెల్లాను నేల మొక్కల పూర్వరూపానికి నమూనాగా చూసినవారు ఉన్నారు. తర్వాతి కణవిభజన, జన్యు ఆధారాలు దాన్ని కీటోఫొరేలిస్ వర్గంలో నిలిపి, మొక్కల మూలాన్ని కారోఫైట్లు అనే మరో ఆకుపచ్చ శైవలాల వంశం వైపు చూపాయి. ఈ అభిప్రాయమే బలమైనది. అంటే శైవలాలు నేలకు అలవాటు పడటం ఒక్కసారి కాదు, వేర్వేరు వంశాల్లో విడివిడిగా జరిగింది.