ఓ. ఎం. ఎడ్వర్డ్స్ బాల్యము, విద్యాభ్యాసము: మాతృభాషకు సండేస్కూలు చేసిన మేలు

సంఘ పరిచర్య ఒక జాతి మాతృభాషకు ఏ విధముగా తోడ్పడుతుంది? వేల్సు దేశస్థుడైన ఓవెన్ మోర్గన్ ఎడ్వర్డ్స్ (1858–1920) విద్యార్థి జీవితమును ఆధారముగా తీసుకొని ఈ ప్రశ్నను పరిశీలించుచున్నాము.

1. గ్రామ బడి

ఎడ్వర్డ్స్ ఉత్తర వేల్సులోని లాన్యుఖ్లిన్ గ్రామములో చిన్న రైతు కుటుంబమునందు జన్మించాడు. ఇంటిలోను, ప్రార్థనా మందిరములోను వెల్ష్ భాషయే వినబడేది. బడిలో మాత్రము బోధన ఆంగ్లములో సాగేది. వెల్ష్ మాట్లాడిన పిల్లవాని మెడలో త్రాటితో ఒక బిళ్ల వేసేవారు. వాడు మరొకనిని పట్టియిస్తే ఆ బిళ్ల వాని మెడకు మారేది. బడి ముగిసేసరికి అది ఎవరి మెడలో ఉంటే వానికి దెబ్బలు తప్పేవి కావు. తోటివానిని పట్టియిచ్చి తాను తప్పించుకొనుటకు ప్రయత్నించలేదని ఆయన 1906లో ప్రచురించిన తన జ్ఞాపకములలో తెలియజేశాడు.

'వెల్ష్ నాట్' అనబడిన ఈ పద్ధతిని ఏ చట్టమును విధించలేదు; కొన్ని పాఠశాలలు తమంతట తామే పాటించాయి. పైగా ఇది పెద్దవాడైన తరువాత వ్రాసిన జ్ఞాపకము. కావున వేల్సు పాఠశాలలన్నిటికి దీనిని వర్తింపజేయరాదు.

2. సండేస్కూలు

ఆదివారము పరిస్థితి వేరు. విలియం మోర్గన్ కృషివలన 1588 నాటికే బైబిలంతయు వెల్ష్‌లో వెలువడింది. ఆ గ్రామమునకు సమీపములోని బాలా పట్టణము కేంద్రముగా థామస్ చార్లెస్ (1755–1814) సండేస్కూళ్లను వ్యాపింపజేశాడు. వాటిలో పిల్లలతోపాటు పెద్దలును వెల్ష్ బైబిలు చదువ నేర్చుకొన్నారు. తన చదువు విషయములో సండేస్కూలుకు ఎంతో ఋణపడియున్నానని ఎడ్వర్డ్స్ చెప్పుకొన్నాడు.

చార్లెస్ ముఖ్యోద్దేశ్యము ఆత్మల రక్షణ. లేఖనము అర్థము కావలెనంటే ప్రజలకు తెలిసిన భాషలోనే చదివించవలసి వచ్చింది. ఆ విధముగా భాషకు అక్షరజ్ఞానము, గౌరవము రెండును లభించాయి.

3. విశ్వవిద్యాలయము

బాలాలోని వేదాంత కళాశాల తరువాత ఆయన ఆబరిస్ట్‌విత్, గ్లాస్గోలలో చదివి, 1884లో ఆక్స్‌ఫర్డులోని బేలియల్ కళాశాలలో చేరాడు. 1886లో జాన్ మోరిస్-జోన్స్ మొదలైన తోటి విద్యార్థులతో కలిసి డావిద్ ఆప్ గ్విలిమ్ సమాజమును స్థాపించాడు. బడిలో శిక్ష తెచ్చిన భాష ఇక్కడ పండిత చర్చలకు సాధనమయ్యింది. 1887లో చరిత్రలో ప్రథమ శ్రేణి సాధించి, 1889లో లింకన్ కళాశాలలో అధ్యాపకుడయ్యాడు. 1892లో పిల్లలకొరకు వెల్ష్ పత్రికను ప్రారంభించాడు. 1907లో వేల్సు పాఠశాలల ముఖ్య తనిఖీ అధికారియై, ఆ పాఠశాలలలోనే వెల్ష్ బోధనను ప్రోత్సహించాడు.

ముగింపు

బడి అవమానించిన భాషనే సండేస్కూలు దేవుని వాక్యమునకు తగిన భాషగా ఆ బాలునికి చూపించింది. ఆయన తరువాతి సేవకు ఇది ఒక ముఖ్యమైన పునాది అని మా అభిప్రాయము. మన సండేస్కూళ్లకు కోయ, సవర, లంబాడీ భాషలు మాట్లాడే పిల్లలు వచ్చినప్పుడు వారు తమ ఇంటి భాషలో వాక్యమును వినుచున్నారా? తెలుగులో బోధించే మనము ఈ ప్రశ్నను మొదట మనలను మనమే అడుగుకొనవలసియున్నది.