దక్షిణధ్రువఖండమున నాటకశాల

దక్షిణధ్రువఖండమునకు చేరిన రాస్ ద్వీపమున, 1902లో స్కాటు దొరగారి బృందమువా రొక కొయ్యయిల్లు కట్టిరి. ఆస్ట్రేలియానుండి తెచ్చిన యా యింటికి మూడువైపుల వసారాలు! ఎండదేశపు కట్టడము మంచుసీమలో వెచ్చగా నుండునా? కావున వారు తమ ‘డిస్కవరీ’ ఓడలోనే కాపురముండి, నెలల తరబడి సూర్యుడు పొడమని శీతకాలమున దానిని నాటకశాలగా చేసికొనిరి. స్త్రీవేషములును నావికులే కట్టిరి.

1916లో ఆ నాటకశాలయే ప్రాణములు నిలిపెను. షాకిల్టను దొరగారి కొరకు మంచుదారిని ఆహారము నిలువచేసి, స్కర్వీ వ్యాధితో క్రుంగి మరలివచ్చిన యైదుగు రందు తలదాచుకొని, సీలుజంతువుల క్రొవ్వు కాల్చి చలి కాచుకొని, ఆ మాంసమే తిని కోలుకొనిరి. వారిలో నిద్దరు, తక్కినవారు వారించినను వినక, మే 8వ తేదీన సముద్రముపై పేరిన పలుచని మంచుమీదుగా బయలుదేరిరి. కొంతసేపటికే తుపాను చెలరేగెను. వారు మరల కానరాలేదు.

ఆ క్రొవ్వుపొగ మసి నేటికిని ఆ యింటి లోపల నంటియున్నది.