పర్యాటక వాహనాలలో గ్యాస్ భద్రత – వాయుప్రసరణ

వంటగది, పడక, శీతలీకరణ సదుపాయాలు గల మోటారు కారవాన్లు దేశీయ పర్యాటక రంగంలో క్రమేపీ ఆదరణ పొందుతున్నాయి. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటక విధానాన్ని ప్రకటించింది. కొద్దిపాటి స్థలంలోనే వంట, నిద్ర రెండూ జరిగే ఈ వాహనాలలో గ్యాస్ భద్రత ప్రాణరక్షణకు సంబంధించిన అంశం.

రెండు దుర్ఘటనలు

2023 ఆగస్టు 26న తమిళనాడులోని మదురైలో, లక్నో నుంచి వచ్చిన యాత్రికుల ప్రత్యేక రైలు బోగీలో అగ్నిప్రమాదం సంభవించి 9 మంది మరణించారు. నిబంధనలకు విరుద్ధంగా బోగీలోకి తెచ్చిన గ్యాస్ సిలిండర్ ఇందుకు కారణమని రైల్వే అధికారులు ప్రకటించారు. 2024 డిసెంబర్ 23న కేరళలోని వడకరలో రోడ్డు పక్కన నిలిపి ఉంచిన కారవాన్‌లో ఇద్దరు విగతజీవులై కనిపించారు. జనరేటర్ నుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ వాహనంలోకి చేరడమే కారణమని దర్యాప్తులో తేలింది. మొదటిది మండే వాయువు వల్ల, రెండవది మండగా వచ్చిన వాయువు వల్ల కలిగిన ముప్పు. ఈ రెండింటి స్వభావం వేరు, నివారణ వేరు.

వంటగ్యాస్

ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమమైన ఎల్.పి.జి. గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువైనది. లీకైన గ్యాస్ నేలపై పరచుకుంటుంది. గాలిలో దీని పరిమాణం సుమారు 2 నుంచి 9 శాతం మధ్య ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వ సైతం ప్రమాదకరమే. కిటికీలు నేలకు ఎత్తులో ఉంటాయి కనుక వాటిని తెరిచినంత మాత్రాన అడుగున చేరిన గ్యాస్ పూర్తిగా వెలుపలికి పోదు. అందువల్ల నేలమట్టంలో బయటికి తెరుచుకునే రంధ్రాలు అవసరం. సిలిండర్‌ను నివాస భాగంతో సంబంధం లేని, అడుగున గాలి రంధ్రం గల ప్రత్యేక అరలో నిటారుగా బిగించి ఉంచాలి. ప్రయాణ సమయంలో వాల్వు మూసివేయాలి.

కార్బన్ మోనాక్సైడ్

ఇంధనం అసంపూర్ణంగా మండినప్పుడు వెలువడే ఈ వాయువుకు రంగు, వాసన లేవు. వంటగ్యాస్ లీకైతే తెలియడానికి ఘాటైన వాసన గల మెర్కాప్టన్ కలుపుతారు. దీనికి అటువంటి హెచ్చరిక ఏదీ లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గాఢంగా కలిసి, నిద్రలోనే ప్రాణం తీయగలదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం ఒకేసారి పలువురికి కలిగితే దీనిని అనుమానించాలి.

పాటించవలసిన జాగ్రత్తలు

* నేలమట్టంలోను, పైకప్పు వద్దను ఉన్న గాలి రంధ్రాలను చలికి, దుమ్ముకు, దోమలకు భయపడి మూసివేయరాదు.
* స్టవ్‌ను, బొగ్గుల కుంపటిని వెచ్చదనం కోసం వాడరాదు.
* జనరేటర్ పొగ లోనికి రాకుండా చూడాలి. వాహనం అడుగున గల సందులను, రంధ్రాలను పరీక్షించాలి.
* గ్యాస్ లీకును పసిగట్టే పరికరాన్ని నేలకు దగ్గరగాను, కార్బన్ మోనాక్సైడ్ అలారాన్ని పడక సమీపంలో శ్వాస పీల్చే ఎత్తులోను అమర్చాలి.
* సురక్ష గొట్టాన్ని 5 సంవత్సరాలకు ఒకసారి మార్చాలి.
* గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టకుండా, వాల్వు మూసి, అందరూ వెలుపలికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి. అస్వస్థతకు గురైన వారిని ఆరుబయటకు చేర్చి 108ని పిలవాలి.

ప్రమాద నివేదికలలోను, వార్తలలోను రెండు రకాల ఘటనలనూ "గ్యాస్ లీక్" అనే ఒకే మాటతో పేర్కొనడం వల్ల అసలు కారణం మరుగున పడుతుంది. సిలిండర్‌ను మాత్రమే తనిఖీ చేసి, జనరేటర్‌ను, గాలి రంధ్రాలను విస్మరించే ప్రమాదం ఉంది. ఏ వాయువు, ఎక్కడి నుంచి, ఏ మార్గాన లోనికి చేరిందన్న వివరాలను స్పష్టంగా నమోదు చేసినప్పుడే మరో ప్రాణనష్టాన్ని నివారించడం సాధ్యమవుతుంది.