పరగృహప్రవేశము

నెల్లూరు మండలపు పడమటి యంచున, వెలిగొండలకు ముందు నిలిచిన ఉదయగిరి దుర్గమునకును, తూర్పున మైపాడు, కృష్ణపట్టణముల యిసుకతీరమునకును నడుమ నూఱు కిలోమీటర్లకు మించిన నేల కలదు. ఉదయగిరి, ఆత్మకూరు సీమలు ప్రధానముగ మెట్ట. సముద్రము నెన్నడును చూడకయే ముసలితనమును పొందినవారు ఆ పల్లెలలో మొన్నమొన్నటి వరకు నెందఱో యుండిరి. అట్టి సీమలోని దుర్గముయొక్క కథను చెప్పబూని, సముద్రపుటొడ్డున గవ్వలో కాపురముండు చిన్న ఎండ్రకాయను సాక్షిగ పిలుచుట చదువరులకు విపరీతముగ తోపవచ్చును. కాని కట్టినవా డొకడు, కాపురమున్నవారు వేఱొకరు, వారు కదలినంతనే చొచ్చినవారు మఱొకరుగ, శతాబ్దముల తరబడి సాగిన యీ కోట చరిత్రకు అంతకంటె తగిన సాక్షి నాకు దొరకలేదు.

పాఠ్యగ్రంథములు ఈ ప్రాణిని సన్న్యాసి పీత యనుచున్నవి. మన తీరమున ఆటుపోటుల వ్యత్యాసము మీటరు ప్రాంతమే గనుక, పోటువేళ మునిగి ఆటువేళ బయల్పడు నేలయు సన్ననిదే. ఆ సన్నని నేలపట్టునందే, అలలు తెచ్చి పడవైచిన నాచును, కుళ్లిన చేపముక్కలను, బురదలోని సూక్ష్మాహారమును ఏరుకొనుచు ఇది మసలుచుండును. ముందుభాగమున పీతకుండవలసిన గట్టిపెంకును, డెక్కలును దీనికి గలవు. వెనుకభాగము మాత్రము పెంకు లేని మెత్తని మేను. అది కుడివైపునకు మెలిదిరిగి యుండును. ఆ మెలిక యూరక వచ్చినది గాదు: సముద్రపు నత్తలలో దాదాపన్నియు కుడిచుట్టు గుల్లలనే కట్టుకొనును గనుక, ఆ చుట్టులోనికి దిగుటకు తగినట్లుగ యుగయుగముల పరిణామమున వంగిన దేహమది. తోకచివర నున్న కొక్కెములతో గుల్లలోని నడిమి స్తంభమును గట్టిగ పట్టుకొని యుండును. బలిమిని లాగినచో ఒక్కొక్కప్పుడు మేను తెగునే గాని పట్టు విడువదు.

ఇంతగ పట్టుకొని వ్రేలాడు నా గుల్ల దాని సొంతము గాదు. అది నత్త కట్టినది. నత్త చచ్చిన పిమ్మట మిగిలినది. ఈ సంగతిని క్రీస్తుపూర్వము నాల్గవ శతాబ్దియందే అరిస్టాటిలు గుర్తించి, పీత పెరిగినకొలది పెద్దగుల్లకు మాఱునని కూడ వ్రాసియుంచెను. గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల కొంతకాలము నీటిలో తేలుచు, పలుమాఱులు రూపము మార్చుకొని, నేలకు దిగువేళకు తనకు తగిన బుల్లిగుల్ల నొకదానిని వెదకుకొనవలెను. అటుపిమ్మట దాని బ్రతుకంతయు ఇండ్లు మార్చుటయే. దేహము పెరుగును, గుల్ల పెరుగదు. ఇఱుకుగుల్లలో చిక్కినది నెమ్మదిగ పెరుగును. ఆడుదైనచో తక్కువ గ్రుడ్లు పెట్టును. శత్రువు వచ్చినప్పుడు లోనికి పూర్తిగ ముడుచుకొనలేదు. అందునుగాక ఆటువేళ ఎండలో ఎండిపోకుండుటకు గుల్లలో దాచుకొన్న కొంచెపు నీరే దానికి శరణ్యము. పగిలిన గుల్లలో ఆ నీరు నిలువదు. కనుకనే తీరమున నెన్ని గవ్వలు పడియున్నను, వాటిలో కాపురమునకు పనికివచ్చునవి ఎన్నడును కొఱవయే. నత్త చచ్చినచోట నీటిలో వ్యాపించు వాసనను బట్టి యీ పీతలు గుమికూడుననియు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. చంపు పని సాధారణముగ మఱియొకరిది. వీనికి తెలిసినది వేళకు చేరుట.

ఇండ్లు మార్చుకొను తీరు రెండువిధములు. ఒకటి యుద్ధము: బ్రిటిషు తీరములందలి ఒక జాతిలో, దాడి సేయు పీత తన గుల్లతో ఎదుటిదాని గుల్లను మరల మరల మోదును, లోనిది ఆ దెబ్బల వడికిని బలమునకును లోబడెనా, మెత్తని మేనితో బయటికి వచ్చి, గెలిచినది విడిచిన పాతగుల్లతో తృప్తిపడును. రెండవది యుద్ధము లేని పద్ధతి. ఇదియే యధికముగ విస్మయము గొల్పును. ఖాళీగుల్ల యొకటి దొరికినప్పుడు పీత దానిని డెక్కలతో తడవి, లోపలి కొలత చూచుకొని, తనకు మిక్కిలి పెద్దదైనచో చేరువనే కనిపెట్టుకొని యుండును. మఱికొన్ని వచ్చును. కొన్ని జాతులలో అవి పెద్దదాని వెనుక చిన్నదిగ వరుస తీరును. ఆ గుల్లకు సరిపోవునది వచ్చి అందులో దూరినంతనే, అది విడిచినదానిలోనికి రెండవది, రెండవది విడిచినదానిలోనికి మూడవది, ఇట్లు నిమిషములలో అన్నియు ఇండ్లు మార్చుకొనగా, కట్టకడపట ఎవ్వరికిని అక్కఱలేని ఒక చిన్నగుల్ల యిసుకపై మిగులును. మనుష్యుల ఉద్యోగములలోను ఇండ్లలోను ఖాళీలు చేతులు మాఱు తీరును గూర్చి సమాజశాస్త్రవేత్తలు చేసిన సిద్ధాంతమును, అమెరికాలోని స్టోనీబ్రూకు విశ్వవిద్యాలయపు ఐవన్ ఛేజ్ 1980ల దశకమున ఈ పీతలకు అన్వయించి చూపెను. మనుష్యులనుండి పీతలకు పోయిన ఆ సిద్ధాంతమును మరల మనుష్యుల కోటకు తెచ్చుటలో దోషముండదని నా తలంపు.

మన ప్రాంతపు పీతలను శాస్త్రరీతిగ వర్ణించినవారిలో జె. ఆర్. హెండర్సను ముఖ్యుడు. మద్రాసు క్రైస్తవ కళాశాలయందు జీవశాస్త్రాచార్యుడై యుండిన యీయన, ఛాలెంజరు నౌక ప్రపంచ సముద్రములనుండి తెచ్చిన ఈ వర్గపు జీవులపై 1888లో గొప్ప నివేదికను ప్రకటించి, 1893లో భారతీయ కర్కటకములను గూర్చి వేఱొక గ్రంథము వ్రాసి, అందు డయోజెనిస్ ప్రజాతికి చెందిన సన్న్యాసి పీతలను కొన్నింటిని తొలిసారి లోకమునకు పరిచయము చేసెను. తరువాతికాలమున, ఇరువదవ శతాబ్ది రెండవ దశకమున, ఎగ్మూరులోని మద్రాసు మ్యూజియమునకు అధ్యక్షుడయ్యెను. ఈ మ్యూజియము పేరు మఱవవలదు. ఉదయగిరి కథలో అది తిరిగి వచ్చును.

ఇక దుర్గము. కొండ యెత్తు 3,079 అడుగులు. పైన ఎనిమిది, క్రింద ఐదు, వెరసి పదుమూడు కోటలుండెనని పాత గెజిటీరు చెప్పుచున్నది. కొన్నివైపుల కొండ నిట్టనిలువు చఱియ. ఎక్కుటకు వీలున్న ప్రతి త్రోవకును అడ్డముగ గోడలు. మొదట కట్టినవాడు లాంగూల గజపతి యని స్థానికుల వాడుక. విజయనగర రాజ్యము తలయెత్తిన తొలిదినములలో హరిహరుని తమ్ముడు కంపన యీ సీమ నేలెను; ఆతని మంత్రి, తరువాత వేదభాష్యకర్తగ లోకమెఱిగిన సాయణాచార్యుడు. కంపన గతించునాటికి కొడుకు సంగముడు పసివాడగుటచేత రాజ్యభారమును, బాలుని చదువును సాయణుడే వహించెను. ఆ సంగముని 1356 నాటి బిట్రగుంట శాసనమును రచించిన భోగనాథుడు సాయణుని తమ్ముడు. వేదభాష్యములను తలచునప్పుడు మనకు విజయనగరము స్ఫురించునే గాని, ఆ పండితుని మంత్రిత్వపు తొలియేండ్లు ఈ సీమలో గడచెనని నెల్లూరువారికే గుర్తులేకుండుట చింతింపదగినది.

పదునైదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఈ గుల్ల చేతులు మాఱిన తీరు గుక్కతిప్పుకొననీయదు. ఓఢ్ర గజపతులు దక్షిణమునకు చొచ్చుకొనివచ్చి పట్టిరి. సాళువ నరసింహుడు వారినుండి లాగుకొనెను. పురుషోత్తమ గజపతి నరసింహుని బందీగ పట్టి, విడుదలకు వెలగ ఉదయగిరిని తిరిగి పుచ్చుకొనెను. గజపతుల క్రింద ఇక్కడ పాలించిన బసవరాజు కాలమున మాత్రము కొంత ఊపిరి సలిపినట్లున్నది. నంది మల్లయ, ఘంట సింగయ కవులు ప్రబోధచంద్రోదయమును ఆతని మంత్రి గంగనకు అంకితమిచ్చిరి. దూబగుంట నారాయణకవి పంచతంత్రమును బసవరాజునకే అంకితము చేసెను. తన వీపున మోసికొనిపోవు కొంగ మోసమును గ్రహించి దాని మెడ నుత్తరించిన పీతకథ పంచతంత్రములోనిదే. సముద్రమెఱుగని ఉదయగిరి కొలువులో పీతకు దొరికిన మర్యాద అది.

1513 ప్రాంతమున కృష్ణదేవరాయలు వచ్చి కొండచుట్టును దిగెను. లోన నున్నవాడు తిరుమల రౌతరాయ మహాపాత్రుడు. ప్రతాపరుద్ర గజపతికి పినతండ్రి వరుస. కోట బలిమిచేత పడునది గాదు. మనుష్యు లొకరివెనుక నొకరుగ మాత్రమే ఎక్కవలసిన ఇఱుకుత్రోవ దానికి దిక్కు. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసినదానినిబట్టి, రాయలు బండలను పగులగొట్టించి, కొండలను తొలిపించి, బురుజులకు చేరుటకు వెడల్పయిన బాటలు వేయించెను. ఏడాదిన్నర కాలము ముట్టడి సాగినది. 1514 జూనులో దుర్గము పడి, తిరుమల రౌతరాయడు బందీ యయ్యెను. మరునెలలో రాయలు తిరుమలకేగి వేంకటేశ్వరునకు కనకాభిషేకము చేయించెను. యుద్ధవర్ణనలలో కత్తులమెఱపులే చెప్పు మన చరిత్రకారులు, ఈ విజయములో సగము భాగము రాళ్లు కొట్టిన వడ్డెరలకు, మట్టి మోసిన కూలీలకు చెందవలెనని ఒక్కమాట వ్రాసియుండిన బాగుండెడిది.

గెలిచినవాడు ఇచట కాపురముండలేదు. రాయసము కొండమరుసయ్యను పాలకునిగ నిలిపి, ఉదయగిరి గుడిలోని బాలకృష్ణమూర్తిని మాత్రము విజయనగరమునకు కొనిపోయి, దానికై క్రొత్త ఆలయము కట్టించి 1515లో ప్రతిష్ఠించెను. హంపీలో కృష్ణాలయమని నేటికిని చూపునది అదియే. అచ్చటను ఆ మూర్తి నిలువలేదు. విజయనగరము పాడుపడినది, గర్భగృహము వట్టిపోయినది, విగ్రహము తుదకు చేరిన చోటు ఎగ్మూరు మ్యూజియము. నెల్లూరు మండలపు దేవుడు, తుంగభద్రాతీరపు గుడి, చెన్నపట్టణపు అద్దపుగది: మూడిండ్లు మాఱినవాడీ పసికృష్ణుడు. సన్న్యాసి పీతలను వర్ణించిన హెండర్సను ఒకనాడు ఏలిన భవనసముదాయమే దానికిని ఆశ్రయమగుట కేవలము కాకతాళీయము. అయినను ఉదయగిరి విషయమున ఇట్టి కాకతాళీయములను విడిచిపెట్టుటకు మనసొప్పదు.

విజయనగరము క్షీణించిన పిదప గోలకొండవారు వచ్చిరి. కొండమీది మసీదునందలి పర్షియను శాసనములు పదునేడవ శతాబ్ది నడుమ, అబ్దుల్లా కుతుబ్ షా కాలమునాటివి. ఆపై కర్ణాటక నవాబులు. వారు దుర్గమును జాగీరుగ ముస్తఫా అలీఖానున కిచ్చిరి. ఆతని వంశమువారు 1839 వరకు నిలిచిరి. ఆ యేడు కుంఫిణీవారికి వ్యతిరేకముగ దక్షిణాపథమున జరిగిన కుట్రలో పాల్గొనెనను అభియోగముపై కడపటి జాగీర్దారు అబ్బాసలీఖానును చెంగల్పట్టునకు పంపివైచిరి. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను పదవి కోల్పోయినదియు ఆ సంవత్సరమే.

ఇచ్చట వరుస తెగినది. అంతవరకు ఒకరు కదలిన మఱొకరు చొచ్చిన దుర్గములోనికి కుంఫిణీవారు చొరలేదు. ఫిరంగులు పెరిగిన కాలమున కొండకోటకు వెల తగ్గినది. పన్ను వసూలుచేయు ప్రభుత్వమునకు కావలసినది బురుజు గాదు, కచ్చేరి. తాలూకా కచ్చేరి కొండక్రింది ఊరిలో వెలసినది, కలెక్టరు నెల్లూరిలో కూర్చుండెను. ఇసుకపై మిగిలిన ఆ కడపటి గుల్లవలె దుర్గము మిగిలిపోయినది. భేదమొక్కటి, పీతలు విడుచునది అన్నింటిలోను చిన్నదానిని, మనవారు విడిచినది అన్నింటిలోను పెద్దదానిని.

ఈ పోలికను ఇంతకంటె దూరము లాగరాదు. పీత తా నున్న గుల్లను ఇంచుకంత అరగదీయునేమో గాని, తనకు ముందున్నవాని గుఱుతులను చెఱుపవలెనను పట్టుదల దానికి లేదు. ఉదయగిరిలో ప్రవేశించిన ప్రతివాడును ఏదో ఒకటి కూల్చెను, ఏదో ఒకటి కట్టెను, ఏదో ఒకటి ఎత్తుకొనిపోయెను. మఱియు పీత తనకొఱకు తప్ప ఎవరికొఱకును ఇల్లు వెదకదు. కోటలోని వారందఱును అట్టివారు గారు. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఉదయగిరినుండి పాలించుచు, వెలిగొండల కావల, నేటి కడప సీమలోని పోరుమామిళ్లయొద్ద 1369లో పెద్దచెరువు నొకదానిని కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినదని దానిగట్టున నిలిపిన శాసనము చెప్పుచున్నది. చెరువునకు ఉండవలసిన పండ్రెండంగములను, ఉండకూడని ఆఱు దోషములను అందు వరుసగ లెక్కించిరి: జలశాస్త్ర మెఱిగినవాడు, గట్టినేల, తియ్యనినీటి యేఱు, చేరువ రాతిగని మున్నగునవి గుణములు, గట్టునుండి నీరూరుట, చవుడునేల, నడుమ మెరక, నీటికి మించిన ఆయకట్టు మున్నగునవి దోషములు. ఆ యాఱింటిలో మఱియొకటి, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట. చెరువునకు ఆ దోషము తగులకుండ చూచుకొన్న భాస్కరుడు ఆ యాజ్ఞలు పంపినది ఉదయగిరినుండి. ఆ దుర్గము ఆతని తరువాత విజయనగరమునకును గజపతులకును, పిదప గోలకొండకును నడుమ తగవులాడుకొను సరిహద్దుననే నిలిచి యుండెను.