సూది మొన దాటొచ్చిన కాలం

1883లో జర్మనీలోని బ్రెమెన్ ఓడల కార్ఖానాలో 1,289 మంది కార్మికులకు మశూచి టీకాలు వేశారు. నెలలు తిరిగేసరికి వారిలో 191 మందికి కామెర్లు! టీకాకు వాడిన రసి మనుషుల ఒంట్లోంచి తీసినదే. లూర్మన్ అనే వైద్యుడు ఆ లెక్క తీసి రాసిపెట్టాడు గానీ, కారణమేమిటో తేల్చే సాధనం ఆనాడు లేదు. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో లాండ్‌స్టైనర్ రక్తవర్గాలను కనిపెట్టాక రక్తమార్పిడికి బాట పడింది. ఒకరి నెత్తురు ఇంకొకరి ప్రాణం నిలిపింది. దాంతోపాటే జబ్బుకూ దారి వెడల్పయింది. 1942లో మానవ సీరం కలిసిన ఎల్లో ఫీవర్ టీకా పుచ్చుకుని దాదాపు 50,000 మంది అమెరికా సైనికులు కామెర్లతో మంచం పట్టారు. ఆ గుట్టు విప్పే కొస 1960లలో పరిశోధకుడు బ్లంబర్గ్‌కు ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో దొరికింది. అదే హెపటైటిస్-బి వైరస్ జాడ. ఎండిన నెత్తుటి మరకలోనూ ఆ వైరస్ వారం రోజులు బతకగలదు.

మన పల్లెల్లో అప్పటికి గాజు సిరంజీల కాలం. ఆరెంపీ డాక్టరుగారి స్టీలు పెట్టె, కిరసనాయిలు స్టవ్వు, అందులో కుతకుతలాడే నీళ్లు నా తరం వాళ్లకు ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంటాయి. అరుగు మీద జనం పెరిగితే నీళ్లు మరిగే దాకా ఆగే ఓపిక ఎవరికుండేది? సూది పడితేగాని జ్వరం తగ్గదని పట్టుబట్టింది మనమే కనుక, తప్పంతా ఆయన మీదకు నెట్టలేను.

మలుపు మద్రాసులో వచ్చింది. 1986లో అక్కడి వైద్యురాలు సునీతి సోలొమన్, ఆమె విద్యార్థిని నిర్మల సేకరించిన నమూనాల్లో హెచ్ఐవీ బయటపడి దేశం ఉలిక్కిపడింది. 1989లో హెపటైటిస్-సి జాడా తెలిసింది. డబ్బుకు నెత్తురమ్ముకునే పద్ధతికి సుప్రీంకోర్టు 1996 తీర్పుతో తెర దించింది. మరుసటి ఏడాదే హైదరాబాద్‌లో వరప్రసాద్‌రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ దేశంలోనే తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను బజారుకు తెచ్చింది. తెలుగునేల ఈ కథలో అడుగుపెట్టింది మందు చేతపట్టుకునే అని కాస్త గర్వంగానే చెప్పుకోవచ్చు. ఇవాళ బ్లడ్‌బ్యాంకులో ప్రతి సంచీకీ హెచ్ఐవీ, హెపటైటిస్-బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. అయినా వైరస్ ఒంట్లో చేరిన తొలిరోజుల్లో ఏ పరీక్షకూ చిక్కదు. అందుకే దాత చేతికి సూది గుచ్చేముందు, ఈమధ్య పచ్చబొట్టు పొడిపించుకున్నారా అని అడుగుతారు.