సబ్ జైళ్లు, కోర్టు లాకప్‌ల తనిఖీ: వసతులు, సిబ్బంది, బాధ్యతలు

(ప్రత్యేక వ్యాసం – పాత్రికేయులు, అధికారుల సమాచారం నిమిత్తం)

నేరం రుజువయ్యే వరకు నిందితుడు నిర్దోషియే అన్నది మన న్యాయవ్యవస్థకు మూలసూత్రం. అయినప్పటికీ దేశంలోని జైళ్లలో ఉన్నవారిలో అత్యధికులు ఇంకా శిక్ష పడనివారే. జాతీయ నేర రికార్డుల బ్యూరో గణాంకాల ప్రకారం 2022 డిసెంబర్ 31 నాటికి దేశవ్యాప్తంగా గల 1,330 జైళ్లలో 4,36,266 మందికి మాత్రమే వసతి ఉండగా 5,73,220 మంది నిర్బంధంలో ఉన్నారు. ఇది సామర్థ్యంలో 131.4 శాతం. వీరిలో 4,34,302 మంది, అనగా సుమారు 76 శాతం, విచారణ ఖైదీలు. మొత్తం జైళ్లలో 574 సబ్ జైళ్లు కావడం గమనార్హం. అరెస్టయిన వ్యక్తి తొలి రోజులు గడిపేది సాధారణంగా పోలీసు లాకప్‌లో, సబ్ జైలులో, కోర్టు ఆవరణలోని లాకప్ గదిలో. అందువల్ల ఈ స్థలాల తనిఖీకి విశేష ప్రాధాన్యం కలదు.

చట్టపరమైన ఆధారం

రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితా 4వ అంశం ప్రకారం కారాగారాలు రాష్ట్రాల పరిధిలోనివి. 1894 నాటి కారాగారాల చట్టం ఈ వ్యవస్థకు పునాది. ఆంధ్రప్రదేశ్ కారాగార నియమాలు 1979లో రూపొందాయి. కేంద్ర హోం మంత్రిత్వ శాఖ 2016లో ఆదర్శ కారాగార నియమావళిని, 2023లో ఆదర్శ కారాగారాలు, దిద్దుబాటు సేవల చట్టాన్ని రాష్ట్రాలకు మార్గదర్శకంగా పంపింది.

1894 చట్టంలోని 3వ సెక్షన్ ప్రకారం కేవలం పోలీసుల ఆధీనంలో ఉన్నవారిని నిర్బంధించే స్థలం ‘కారాగారం’ అనే నిర్వచనంలోకి రాదు. ఉదయం జైలు గేటు దాటి ఎస్కార్టు పోలీసులతో కోర్టుకు వెళ్లిన ఖైదీ సాయంత్రం తిరిగి వచ్చే వరకు గడిపే గంటలు జైలు తనిఖీ పుస్తకంలో నమోదు కాకుండా పోయే అవకాశం ఇక్కడే ఏర్పడుతున్నది. ఈ లోటును పూరించవలసిన బాధ్యత పోలీసు అధికారులపైన, న్యాయాధికారులపైన ఉంటుంది.

తనిఖీ అధికారం గలవారు

జైళ్ల శాఖ ఉన్నతాధికారుల తనిఖీ మొదటి అంచె. ఇది కాక, అధికార, అనధికార సభ్యులతో కూడిన సందర్శకుల మండలిని ఆదర్శ నియమావళి నిర్దేశించింది. సునీల్ బాత్రా రెండవ కేసులో సుప్రీంకోర్టు 1979 డిసెంబర్‌లో తీర్పునిస్తూ, జిల్లా మేజిస్ట్రేట్లు, సెషన్స్ జడ్జీలు తమ పరిధిలోని జైళ్లను సందర్శించి ఖైదీలు తమ గోడు స్వేచ్ఛగా చెప్పుకొనే వీలు కల్పించాలని, ఫిర్యాదుల పెట్టెలు ఏర్పాటు చేయాలని ఆదేశించింది.

పోలీసు లాకప్‌ల విషయంలో 1983 నాటి షీలా బర్సే కేసు తీర్పు ముఖ్యమైనది. మహిళా నిందితులను ప్రత్యేక లాకప్‌లలో మహిళా కానిస్టేబుళ్ల కాపలాలో ఉంచాలని, బొంబాయి నగరంలోని లాకప్‌లను ఒక సెషన్స్ జడ్జి, వీలైనంత వరకు మహిళా జడ్జి, ఆకస్మికంగా తనిఖీ చేయాలని అందులో నిర్దేశించడం జరిగింది.

1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం కమిషన్లకు జైళ్లను సందర్శించే అధికారం కల్పించింది. కుల వివక్షకు సంబంధించి 2024 అక్టోబర్ 3న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, జైలు రిజిస్టర్లలో కులం గడిని తొలగించాలని, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు, సందర్శకుల మండళ్లు సంయుక్తంగా తనిఖీలు జరపాలని ఆదేశించింది.

ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల ప్రకారం తనిఖీదారులకు ముందస్తు సమాచారం లేకుండా వెళ్లే స్వేచ్ఛ, ఖైదీలతో ఏకాంతంగా మాట్లాడే హక్కు ఉండాలి.

పరిశీలించవలసిన అంశాలు

అనుమతించిన సామర్థ్యం ఎంత, తనిఖీ నాటికి వాస్తవంగా ఉన్నవారెందరు అన్నది మొదటి ప్రశ్న. తాగునీరు, మరుగుదొడ్లు, గాలి వెలుతురు, ఆహారం తూకం, ప్రవేశ సమయంలో వైద్య పరీక్ష, స్త్రీ పురుషులకు వేర్వేరు వసతి అనేవి తదుపరి అంశాలు. తల్లులతో పాటు ఉండే ఆరేళ్ల లోపు పిల్లల విషయమై ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు 2006 ఏప్రిల్ 13న మార్గదర్శకాలు జారీ చేసింది. పిల్లల ఎదుగుదలకు అనువైన సౌకర్యాలు లేని సబ్ జైళ్లలో అటువంటి తల్లులను ఉంచరాదని అందులో స్పష్టం చేసింది.

నిర్బంధ కాలం కూడా తనిఖీలో భాగమే. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. దాని 479వ సెక్షన్ ప్రకారం, మరణశిక్ష లేదా యావజ్జీవ శిక్షకు అవకాశం లేని కేసులలో, గరిష్ఠ శిక్షాకాలంలో సగం గడిపిన విచారణ ఖైదీ బెయిలుకు అర్హుడు. గతంలో ఏ నేరంలోనూ శిక్ష పడనివారికి ఇది మూడవ వంతు. ఒకటి కంటే ఎక్కువ కేసులు పెండింగులో ఉన్నవారికి ఈ వెసులుబాటు వర్తించదు. అర్హుల జాబితా జిల్లా జడ్జి అధ్యక్షతన గల విచారణ ఖైదీల సమీక్షా కమిటీకి చేరినదీ లేనిదీ సరిచూడవలసి ఉంటుంది.

సిబ్బంది

ఆదర్శ నియమావళి ప్రకారం ప్రతి ఆరుగురు ఖైదీలకు ఒక కాపలా ఉద్యోగి, 300 మందికి ఒక వైద్యాధికారి, 200 మందికి ఒక దిద్దుబాటు అధికారి ఉండాలి. 30 మంది ఖైదీలున్న సబ్ జైలుకు ఈ లెక్కన ఐదుగురు వార్డర్లు. మూడు షిఫ్టులు, వారాంతపు సెలవులు తీసివేస్తే రాత్రివేళ విధిలో మిగిలేది ఒక్కరు. ఆ ఒక్క పోస్టూ ఖాళీగా ఉంటే, అస్వస్థుడైన ఖైదీ పిలుపు వినేవారే ఉండరు. కనుక మంజూరైన పోస్టుల సంఖ్యతో సరిపెట్టుకొనక, షిఫ్టుల వారీ హాజరు పట్టికను పరిశీలించడం అవసరం. మహిళా ఖైదీలున్న చోట మహిళా సిబ్బంది ఇరవై నాలుగు గంటలూ ఉన్నదీ లేనిదీ విడిగా నమోదు చేయాలి.

కోర్టు లాకప్‌లు

ఇక్కడ వేచి ఉండే సమయమే ప్రధాన సమస్య. ఉదయం తెచ్చిన ఖైదీకి మధ్యాహ్న భోజనం ఎవరు ఇస్తారు, మధుమేహం వంటి వ్యాధులున్నవారికి మందులు వేళకు అందుతాయా, మహిళలకు వేరే గది, మరుగుదొడ్డి ఉన్నాయా, న్యాయవాదితో మాట్లాడే వీలున్నదా అన్నవి తనిఖీదారు అడగవలసిన ప్రశ్నలు. ఎస్కార్టు కొరత కారణంగా వాయిదాకు హాజరుపరచలేని ఖైదీల సంఖ్యను కూడా సేకరించాలి. హాజరు తప్పిన ప్రతి వాయిదా నిర్బంధాన్ని పొడిగించే ప్రమాదం ఉన్నది.

తనిఖీ అనంతరం

సందర్శకుల పుస్తకంలో వ్రాసిన లోపంపై తీసుకున్న చర్య తదుపరి తనిఖీలో మొదట చూడవలసిన అంశం. కస్టడీ మరణాన్ని 24 గంటలలోగా జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలియజేయాలని 1993 నుండి ఆదేశాలున్నాయి. అటువంటి మరణంపై సురక్షా సంహిత 196వ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి. సమాచార హక్కు చట్టం 2005లోని 7వ సెక్షన్ ప్రకారం వ్యక్తి ప్రాణ, స్వేచ్ఛలకు సంబంధించిన సమాచారాన్ని 48 గంటలలో ఇవ్వవలసి ఉంటుంది. ఖైదీల బంధువులకు, పాత్రికేయులకు ఈ నిబంధన ఉపయుక్తం.