బిర్యానీ పువ్వు నుంచి ఫ్లూ మాత్ర దాకా

నిజ్వా కోట పక్కనున్న సూక్‌లో మసాలా దుకాణాల ముందు నిలబడితే, మనం బిర్యానీలో వేసే అనాసపువ్వు కనిపిస్తుంది. రూమ్‌లో ఒకరికి జ్వరం వస్తే అల్లం, మిరియాలతో పాటు ఇది కూడా వేసి కషాయం కాస్తాం. "ఫ్లూ మాత్ర దీంతోనే చేస్తారంట కదా" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట సగమే నిజం. మిగతా సగం తెలియకపోతే ప్రాణం మీదికి రావచ్చు.

1918లో ఇన్‌ఫ్లూయెంజా బొంబాయి రేవు మీదుగా మన దేశంలోకి వచ్చింది. కోటి మందికి పైగా చనిపోయారు. కషాయాలు మన తాతముత్తాతలకు తెలియనివి కావు, అయినా ఆ చావులు ఆగలేదు. మనుషులకు ఫ్లూ తెచ్చేది వైరస్ అని 1933లో గానీ రుజువు కాలేదు.

ఈ కథకు ఇంకో కొస జపాన్‌లో ఉంది. అక్కడ షికిమి అనే చెట్టు ఉంది. 1885లో ఐక్‌మన్ అనే డచ్ శాస్త్రవేత్త దాని నుంచి ఒక ఆమ్లాన్ని వేరుచేశాడు. చెట్టు పేరు మీదే దానికి షికిమిక్ ఆమ్లం అని పేరొచ్చింది. మన అనాసపువ్వులో కూడా ఇది బాగా ఉంటుంది. నూరేళ్లు దాటాక అమెరికాలోని గిలియడ్ కంపెనీ ఒసెల్టామివిర్ అనే మందు కనిపెట్టింది. రోష్ కంపెనీ దాన్ని టామీఫ్లూ పేరుతో 1999లో మార్కెట్‌లోకి తెచ్చింది. దాని తయారీకి ముడిసరుకు ఈ ఆమ్లమే.

2005లో బర్డ్ ఫ్లూ భయంతో దేశాలన్నీ ఈ మందు కోసం ఎగబడ్డాయి. చైనా అనాసపువ్వుకు గిరాకీ పెరిగింది. ఆ డిసెంబరులోనే రోష్ మన హైదరాబాద్ కంపెనీ హెటిరోకు తయారీ లైసెన్సు ఇచ్చింది. 2009 మే నెలలో దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది కూడా హైదరాబాద్‌లోనే. అమెరికా నుంచి దుబాయ్ మీదుగా దిగిన ప్రయాణికుడికి వచ్చింది. అంటే జబ్బు మనలాగే విమానమెక్కి వచ్చింది, మందు మాత్రం అప్పటికే మన ఊరి కంపెనీ చేతిలో ఉంది.

ఇక ఆ మిగతా సగం. అనాసపువ్వులో ఉన్నది ముడిసరుకే, మందు కాదు. ఫ్యాక్టరీలో ఎన్నో దశలు దాటితేనే అది ఒసెల్టామివిర్ అవుతుంది. పత్తి కట్టుకుంటే చొక్కా అవుతుందా? ఇదీ అంతే. పైగా జపాన్ షికిమి కాయ చూడ్డానికి అచ్చం అనాసపువ్వులాగే ఉంటుంది, కానీ విషం. ఆ కలగలుపు టీలు తాగి జనం జబ్బుపడితే 2003లో అమెరికా ప్రభుత్వం హెచ్చరిక ఇచ్చింది.

కషాయం తాగొద్దని చెప్పట్లేదు. గొంతుకు హాయిగా ఉంటుంది, ఒంట్లోకి నీళ్లు పోతాయి. కానీ ఫ్లూ మాత్ర జ్వరం మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది. డ్యూటీ పోతుందనో, జీతం కోస్తారనో ఆ రెండు రోజులూ కషాయంతో గడిపేస్తే మందుకు టైము దాటిపోతుంది. ఆయాసం, ఛాతీనొప్పి, మగత కనిపించినా, తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టినా ఆగొద్దు అన్నా, వెంటనే ఆస్పత్రికి పోవాలి. షుగరు, ఉబ్బసం ఉన్నోళ్లు జ్వరం మొదలవగానే డాక్టరుకు చూపించుకోవాలి. ఒక్కో రూమ్‌లో ఎందరం పడుకుంటామో మనకు తెలుసు. ఒకరు ఆలస్యం చేస్తే పక్క మంచాలన్నిటికీ పాకుతుంది.